సమస్య: అచ్చు లేని మాట యచ్చుఁ గాంచె

నిర్వాహకుడు: ఈసారిది ఆటవెలది పద్యానికి చివరి పాదం, పై మూడు పాదాలు మీరు పూరించాలి. నియమం ఒకటే: ఫలానా అక్షరాలున్న, లేదా లేని, పొడవైన ఇంగ్లిష్ మాట ఒకటి వేటాడి పట్టుకురావాలి. అది పద్యంలో ఇమడకపోతే కింద చెప్పండి. మూడో పాదంతో వాక్యం ముగిస్తే చాలు, నాలుగో పాదంతో సంధి కలపలేదని (విసంధి అని) వేధించను.

లఘువు: నమస్కారం. నా ప్రయత్నం.

ఆంగ్ల భాష లోన నైదచ్చులే యని
చదువు చెప్పినారు చక్కఁగాను
రిథము వ్రాసి చూడ రిక్త మా స్థానమ్ము
అచ్చు లేని మాట యచ్చుఁ గాంచె

ఆర్, హెచ్, వై, టి, హెచ్, ఎమ్. ఏ, ఈ, ఐ, ఓ, యు ఒక్కటీ లేదు. చివర ఎస్ చేర్చి బహువచనం చేస్తే ఏడక్షరాలు.

నిర్వాహకుడు: యతులు (పాదం మొదటి అక్షరానికి నడుమ అక్షరంతో ఉండాల్సిన పొత్తు) కుదిరాయి. ‘చక్కఁగాను’ మాత్రం గణం (పాదంలో గురులఘువుల ముక్క) నింపడానికి వచ్చిన చుట్టం. పైగా వేట కొంచెం తేలికైంది. సమస్య చూడగానే నాకూ ముందు తట్టింది ఈ మాటే.

పదవేట: లఘువు గారూ, వైని హల్లుల్లో వేసి గెలిచానంటే ఎలా? అక్కడ అది పలికేది ఇకారమే. తెలుగులో ‘రిథమ్’ అని రాయగానే గుడి కట్టక తప్పలేదుగా! నా పూరణ మీకు జవాబు:

హల్లు వేషమందు నాడిన వై గారు
లోన నచ్చు గాఁగ లోక మెఱుఁగ
చెవికిఁ దెలియు గుట్టు చేవ్రాతలో లేదు
అచ్చు లేని మాట యచ్చుఁ గాంచె

లఘువు: ‘వై గారు’ బాగుంది, మర్యాద తగ్గించలేదు. సరే, వైని అచ్చుగానే ఒప్పుకుంటాను. కానీ ఆ మాటను రెండు విరుపులుగా పలుకుతాం కదా, ‘రి’ అని, ‘థమ్’ అని. మొదటి విరుపుకి వై ఉంది. రెండోదానికి? టి, హెచ్, ఎమ్ తప్ప ఏమీ లేవు. పలుకులో ఉన్న అకారపు ఛాయకి రాతలో అక్షరమే లేదు. నా రిక్తస్థానం ఒక విరుపు జరిగిందంతే.

పదవేట: ఇది నేను చూసుకోలేదు. సగం వెనక్కి తీసుకుంటున్నాను.

నిర్వాహకుడు: ‘హ’కి ‘నాడిన’లోని ‘ఆ’తో యతి చెల్లింది. హకారం అచ్చులతో చెలిమి చేస్తుందని కొత్తవాళ్లు గుర్తుపెట్టుకోండి, ఈ సమస్యలో అది పనికొస్తుంది. మూడో పాదం నాకు బాగా నచ్చింది. చెవి, చేవ్రాత, తర్వాత అచ్చు: మెట్లు మెట్లుగా దిగింది. అయితే పదవేట గారూ, కొత్త మాట తేలేదు మీరు. ఎదుటివారి వేటనే పంచుకున్నారు.

గురువిందగింజ: నాది పొడవైనదే! ‘అన్‌కాపీరైటబుల్’, పదిహేను అక్షరాలు, ఒక్కటీ రెండోసారి రాదు. మొదటి పాదం, చివరి పాదం మాత్రం పంపుతున్నాను, మధ్యవి ఇంకా తేలలేదు.

పదియు నైదు వర్ణములు తిరిగి రాకుండ
…
హక్కు లేని మాట యచ్చుఁ గాంచె

నిర్వాహకుడు: అమ్మో! సమస్యనే మార్చేశారు. ‘అచ్చు’ స్థానంలో ‘హక్కు’ పెట్టినా గణమూ యతీ చెక్కుచెదరలేదు, అదే నవ్వు తెప్పించింది. కాపీరైటు లేని మాటని ఎవరైనా అచ్చేసుకోవచ్చు, అర్థమూ కుదిరింది. అయినా చెల్లదు. ఆ మాటలో అయిదచ్చులూ తలా ఒకసారి కొలువున్నాయి, తోడు వై కూడా.

మొదటి పాదం తడబడింది. పదియు, నైదు, వర్ణ అని మూడు సూర్యగణాలు (చిన్న గణాలు) సరే. ‘ములుతిరి’ నలమనే ఇంద్రగణం (పెద్ద గణం), అదీ సరే. మిగిలిన ‘గిరాకుండ’ ఏ ఇంద్రగణమూ కాదు. యతి స్థానంలో ‘ప’కి ‘ము’ వచ్చింది, అదీ కుదరదు. ఇలా సవరించుకోవచ్చు:

పదియు నైదు లిపులు పలుమాఱు రాకుండ

‘లిపులు’ అంటే ఇక్కడ అక్షరాలని సర్దుకోండి.

పదవేట: గింజ గారి మాట ఎలా దొరికిందో ఊహించగలను. అన్, కాపీ, రైట్, ఏబుల్: నాలుగు ముక్కలు, దేని అక్షరాలు దానివే, ఒకదాంతో ఒకటి కలవవు. ఇలాంటి వేటలో మొత్తం మాట కోసం వెతికితే దొరకదు. ముందొక మొదలు, ఒక తోక పట్టుకుని మధ్యలో ఏది ఇముడుతుందో చూడాలి. తోకగా ‘నెస్’ తగిలించారో, ఎస్ రెండుసార్లు వచ్చి వేట అక్కడే చెడుతుంది. పదిహేనక్షరాల్లో ‘డెర్మటోగ్లిఫిక్స్’ కూడా ఉంది, వేలిగీతల శాస్త్రం.

ముద్రారాక్షసం: ఆలస్యంగా వచ్చాను. నా మాట ‘స్ట్రెంగ్త్స్’. తొమ్మిదక్షరాలకి ఒక్కటే అచ్చు.

ఎనిమి దైన హల్లు లేకమై మోసిన
యొక్క ‘యీ’ని దీయ నూడె బలము
అచ్చువాఁడు దాని నట్లె ముద్రించెను
అచ్చు లేని మాట యచ్చుఁ గాంచె

లఘువు: ‘యొక్క’ చూసి షష్ఠీ విభక్తి అనుకుని ఒక నిమిషం తికమకపడ్డాను. యడాగమమని, అంటే ‘ఒక్క’ ముందు సంధిలో చేరిన యకారమని తెలిశాక రెండో పాదం మళ్లీ చదివి లేచి నిలబడ్డాను. బలం అనే మాటలోంచి ‘ఈ’ తీస్తే బలం ఊడింది!

నిర్వాహకుడు: ఇప్పటిదాకా వచ్చినవాటిలో ఇదే మేలు. ఎనిమిది హల్లులు ఒక్క అచ్చుని పల్లకీలో మోసినట్టు కనబడుతోంది, నిజానికి నిలబెట్టేది పల్లకీలోనిదే. తొలి రెండు పూరణల్లో అచ్చు లేకపోవడం మాట స్వభావం. ఇక్కడ అది అచ్చుతప్పు. రెండర్థాలూ ఒకే తప్పులో కలిశాయి, సమస్య ఇచ్చినప్పుడు నాకే తోచని దారి ఇది. మూడో పాదం మొదట్లో ‘అచ్చువాఁడు’, వెంటనే నాలుగో పాదం ‘అచ్చు’తో మొదలు కావడం పునరుక్తి అనేవారుంటారు. నాకు మోగింది.

ముద్రారాక్షసం: ధన్యవాదాలు. ‘ముద్రకుఁడు’ అని కూడా అనుకున్నాను, యతి ఒప్పుకోలేదు.

నిర్వాహకుడు: గింజ గారు మధ్య పాదాలు పంపేలోగా వచ్చే సమస్య ఇదిగో, ఇదీ ఆటవెలదే:

నాలు గచ్చు లున్న నాద మొకటె

గురువిందగింజ: ఈసారి క్యూలో నేనే ముందు.

నిర్వాహకుడు: జవాబు బయటపెట్టేశారు కదండీ!