అంబత్తూరులో ఉద్యోగం, తిరుపతిలో సంసారం: అద్దె ఇల్లు ఎక్కడ చూసుకోవాలి?

శెట్టిపల్లె నివాసి (ప్రశ్న):

అందరికీ నమస్కారం. మేము తిరుపతిలో శెట్టిపల్లె వైపు అద్దెకు ఉంటున్నాము. నా భార్య ఇక్కడే ఒక ప్రైవేటు పాఠశాలలో ఉపాధ్యాయురాలు. మా అమ్మాయి వచ్చే జూన్‌లో రెండో తరగతికి వెళ్తుంది. నాకు చెన్నైలో, అంబత్తూరు పారిశ్రామికవాడలోని ఒక కంపెనీలో ఉద్యోగం కుదిరింది. వారానికి మూడు రోజులు ఉదయం పదింటికల్లా ఆఫీసులో ఉండాలి, మిగిలిన రోజులు ఇంటి నుంచే పని చేసుకోవచ్చు.

సంసారాన్ని పూర్తిగా చెన్నైకి మార్చడం గురించి ఇంట్లో చాలా చర్చ జరిగింది. అంబత్తూరు, ఆవడి ప్రాంతాల్లో రెండు పడకగదుల ఇంటికి అడిగే అద్దె, దానికి తగ్గ అడ్వాన్సు, కొత్త బడిలో కట్టవలసిన ఫీజు, మా ఆవిడ జీతం ఆగిపోవడం, ఇవన్నీ లెక్క వేసుకుంటే నాకు పెరిగిన జీతమంతా అక్కడే ఖర్చయిపోతుందని తేలింది. అందువల్ల రేణిగుంట, పుత్తూరు, నగరి, అవసరమైతే తిరుత్తణి వరకు, ఈ రైలు దారిలో ఏదో ఒక ఊళ్ళో ఇల్లు తీసుకుంటే ఇద్దరి ఉద్యోగాలూ సాగుతాయా అని ఆలోచిస్తున్నాము. మెయింటెనెన్సుతో కలిపి పన్నెండు వేలకు మించి ఇవ్వలేము. లిఫ్టు లేకపోయినా పరవాలేదు, నీళ్ళకు మాత్రం ఇబ్బంది ఉండకూడదు. ఈ దారిలో వెళ్ళివచ్చేవారు ఎవరైనా ఉంటే దయచేసి సలహా ఇవ్వగలరు.

పుత్తూరు సీజన్ టికెట్:

నమస్కారం అండీ. నేను పుత్తూరులో ఉంటూ కొన్నేళ్ళుగా పెరంబూరు వైపు పనికి వెళ్ళివస్తున్నాను, కాబట్టి నా అనుభవం మీకు కొంత పనికి రావచ్చు. ఇల్లు వెతికేవారందరూ ఉదయం రైలును చూసుకొని ఊరును ఎంచుకుంటారు. ఈ దారిలో నిర్ణయించవలసింది సాయంత్రం తిరుగు ప్రయాణాన్ని బట్టి. ఉదయం గరుడాద్రి ఎక్స్‌ప్రెస్ తిరుపతిలో బయలుదేరి రేణిగుంట, పుత్తూరు, ఏకాంబరకుప్పం (నగరి పక్కనే) మీదుగా చెన్నై వెళ్తుంది. అది అంబత్తూరులో ఆగదు గనుక అరక్కోణంలోనో తిరువళ్ళూరులోనో దిగి లోకల్ అందుకోవాలి. పదింటికి చేరుకోవచ్చు గానీ మిగులు సమయం పెద్దగా ఉండదు. అదే రైలు తిరుగు ప్రయాణంలో, ఆఫీసులు వదలకముందే సెంట్రల్‌లో బయలుదేరిపోతుంది. ఆ తర్వాత మన వైపు వచ్చేవి చాలావరకు దూరప్రాంతాల రైళ్ళే. వాటిలో రిజర్వేషన్ లేని పెట్టెలు తక్కువ, మీరు మధ్య స్టేషన్‌లో ఎక్కుతారు కాబట్టి నిలబడే చోటు దొరకడమే ఎక్కువ.

అందుచేత నాలాంటివాళ్ళం సాయంత్రం లోకల్‌లో అరక్కోణం వరకు, వీలుంటే తిరుత్తణి వరకు వచ్చి, అక్కడి నుంచి తిరుపతి బస్సు ఎక్కుతాము. చెన్నై, తిరుపతి మధ్య తిరిగే బస్సులు తిరుత్తణి, నగరి, పుత్తూరు మీదుగానే పోతాయి కాబట్టి బస్సుకు కొరత లేదు. అయితే రాత్రిపూట కొన్ని బస్సులు ఊళ్ళోకి రాకుండా హైవే మీదే దించేసి పోతాయి. వాన పడుతున్నప్పుడు లాప్‌టాప్ సంచిని కడుపుకు హత్తుకొని, ఆటో కోసం ఆ చీకట్లో ఎదురుచూడటం నెలకు ఒకటి రెండుసార్లయినా తప్పదు. కనుక పుత్తూరులో తీసుకుంటే, రైల్వే స్టేషన్‌కూ బస్టాండుకూ నడిచి వెళ్ళగలిగే వీధుల్లోనే తీసుకోండి. అద్దె తక్కువని ఊరి చివర తీసుకుంటే మిగిలిందంతా ఆటోలకే పెట్టాలి.

సీజన్ టికెట్ 150 కిలోమీటర్ల వరకు ఇస్తారు. మూడు నెలలకు ఒకేసారి తీసుకుంటే నెలసరి ధరకు 2.7 రెట్లే పడుతుంది. రిజర్వేషన్ పెట్టెల్లో మాత్రం అది చెల్లదు, ఆ విషయంలో టీటీఈతో వాదన పెట్టుకోవద్దు. మీ ఆవిడగారికి పుత్తూరు నుంచి తిరుపతికి బస్సులో సుమారు గంట ప్రయాణం.

తిరుత్తణి తెలుగు కుటుంబం:

పుత్తూరు మిత్రులు చెప్పినది నిజమే గానీ, సాయంత్రమే అసలు చిక్కు అయినప్పుడు లోకల్ రైలు ఉన్న చోటికే ఎందుకు రాకూడదన్నది నా ప్రశ్న. చెన్నై లోకల్ తిరుత్తణి వరకు వస్తుంది, అరక్కోణం నుంచైతే ఇంకా తరచుగా ఉంటాయి, అవి నేరుగా అంబత్తూరులో ఆగుతాయి. ఒకటి తప్పిపోయినా ఇంకొకటి ఉంటుందన్న ధైర్యం రోజూ ప్రయాణించేవారికి చాలా ముఖ్యం. భాష గురించి భయపడనక్కర్లేదు. 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రంలో కలిసేవరకు ఈ ఊరు చిత్తూరు జిల్లాదే, ఇప్పటికీ అంగళ్ళలో తెలుగులో అడిగితే తెలుగులోనే జవాబు చెబుతారు.

అయితే రాష్ట్రం దాటితే వచ్చే తిప్పలు మూడు నాలుగు ఉన్నాయి. తమిళనాడులో 2006 నాటి చట్టం ప్రకారం బడిలో తమిళం తప్పనిసరి పాఠ్యాంశం. రెండో తరగతి పిల్ల కాబట్టి త్వరగానే నేర్చుకుంటుంది, కానీ ఇంట్లో చదివించేవారికి ఆ లిపి రాకపోతే మొదటి ఏడాది ట్యూషన్ తప్పదు. ఆంధ్ర నంబరు బండిని ఇక్కడ పన్నెండు నెలలకు మించి వాడితే తిరిగి రిజిస్టర్ చేయించుకోవాలి. అద్దె విషయంలో 2019 నుంచి అమల్లో ఉన్న చట్టం, ఒప్పందంలో వేరేగా రాసుకోకపోతే, అడ్వాన్సు మూడు నెలల అద్దెకు మించకూడదంటుంది. యజమానులు ఆ ‘వేరేగా రాసుకోకపోతే’ అన్న మాటనే పట్టుకుంటారు కాబట్టి సంతకానికి ముందే బేరం ఆడండి. ఆడి కృత్తికకు, అంటే ఇక్కడి కొండ మీది సుబ్రహ్మణ్యస్వామి పండుగకు, ఊరంతా కావళ్ళతో నిండిపోతుంది, ఆ రోజుల్లో స్టేషన్ నుంచి ఇంటికి చేరడమే ఒక యాత్ర.

రేణిగుంట క్వార్టర్స్:

రేణిగుంట గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి రాస్తున్నాను. ముంబయి, చెన్నై ప్రధాన మార్గం కావడం వల్ల తిరుపతికి రాని రైళ్ళు కూడా ఇక్కడ ఆగుతాయి. కాని అవి ఎక్కడెక్కడి నుంచో వచ్చేవి, గంటల కొద్దీ ఆలస్యమవుతాయి, వాటిని నమ్మి పదింటి ఆఫీసు పెట్టుకోలేము. వందే భారత్ ఉంది కదా అని కొందరు అంటారు. అది పొద్దున్నే చెన్నై నుంచి విజయవాడ వైపు వెళ్ళి రాత్రికి తిరిగి చెన్నై చేరుతుంది, అంటే మీ అవసరానికి పూర్తిగా ఎదురు దిశ. పైగా ఎలక్ట్రానిక్స్ కంపెనీల సిబ్బంది వల్ల ఇక్కడ ఇళ్ళకు గిరాకీ కూడా పెరిగింది. శెట్టిపల్లె వదిలి రేణిగుంటకు రావడం వల్ల మీకు దక్కేది ఇరవై నిమిషాలు మాత్రమే.

సూళ్ళూరుపేట మాట కూడా ఎవరో ఒకరు ఎత్తుతారు. అక్కడికీ చెన్నై లోకల్ ఉంది, ఊరు ఆంధ్రలోనే ఉంది, కానీ అది గుమ్మిడిపూండి మార్గం. అంబత్తూరు వేరే మార్గంలో ఉంది కాబట్టి నగరంలోకి వెళ్ళి మళ్ళీ బయటికి రావాలి. మీ ఆవిడగారి ఉద్యోగానికీ అది దూరమే.

అసలు ఇల్లు మార్చాలా అన్నది ముందు తేల్చుకోండి. మూడు రోజులూ వరుసగా, మంగళ, బుధ, గురువారాలు పెట్టుకోవడానికి మీ మేనేజరు ఒప్పుకుంటే అక్కడ గడపవలసింది రెండు రాత్రులే. అంబత్తూరులో మగవాళ్ళ హాస్టళ్ళకు కొదవ లేదు, పంచుకునే గదిలో ఒక మంచం తీసుకుంటే సరిపోతుంది. ఇంట్లో ఎవరి జీవితమూ కదలదు, వారానికి ఒకసారి వెళ్ళడం, ఒకసారి రావడం.

శెట్టిపల్లె నివాసి:

ముగ్గురికీ ధన్యవాదాలు. ఉదయం రైలు చూసి నేను దాదాపు పుత్తూరుకే నిర్ణయించుకున్నాను. సాయంత్రం సంగతి నాకు తట్టనేలేదు. ఇంట్లో మాట్లాడుకున్నాము. పాప బడి, ఆమె ఉద్యోగం రెండూ కదపకుండా హాస్టల్ పద్ధతినే ముందు కొన్ని నెలలు చూద్దామని మా ఆవిడ అభిప్రాయం. మేనేజరుతో మాట్లాడాను, మూడు రోజులు వరుసగా పెట్టుకోవడానికి అభ్యంతరం లేదన్నారు, కానీ ప్రొబేషన్ ముగిశాక నాలుగు రోజులు రమ్మనవచ్చని కూడా చెప్పారు. అప్పుడు మూడు రాత్రులు ఇంటికి దూరంగా ఉండటం నాకు ఇష్టం లేదు. ఆ పరిస్థితి వస్తే పుత్తూరే మేలని నా ఆలోచన, తిరుత్తణి అయితే ఆమె ప్రయాణం మరీ ఎక్కువవుతుంది. పుత్తూరులో ఇల్లు చూసేటప్పుడు ఏమేమి గమనించాలో పెద్దలు కాస్త చెప్పగలరా?

పుత్తూరు సీజన్ టికెట్:

మంచి నిర్ణయమే అండీ, తొందరపడి సామాను కదపకపోవడం మేలు. ఇల్లు చూడటానికి వస్తే పగటిపూట ఒకసారి, రాత్రి తొమ్మిది తర్వాత ఒకసారి రండి. పుత్తూరు, నగరి రెండూ మరమగ్గాల ఊళ్ళు. పక్క షెడ్డులో మగ్గాలు నడుస్తుంటే ఆ చప్పుడు గోడలోంచి వస్తుంది. కరెంటు పోయిన సమయంలో ఇల్లు చూసినవాడికి వీధి ప్రశాంతంగా ఉందనిపిస్తుంది, చేరిన తర్వాత గానీ తెలియదు. మీరు ఇంటి నుంచి పనిచేసే రోజుల్లో ఫోన్ మాట్లాడటానికి అది నిజంగా ఇబ్బంది.

నీళ్ళ సంగతి యజమానిని అడిగితే పుష్కలం అంటారు. కింద పోర్షన్‌లో ఉన్నవారిని, అది కూడా ఇంటి ఆడవాళ్ళను అడగండి: ఏప్రిల్, మే నెలల్లో బోరు ఎన్ని గంటలు పోస్తుంది, ట్యాంకరు తెప్పిస్తే డబ్బు ఎవరు పెట్టుకుంటారు? ఆ రెండో ప్రశ్నకు జవాబును ఒప్పందంలో రాయించండి. ఒప్పందం మామూలుగా పదకొండు నెలలకే రాస్తారు, ఏడాది దాటితే రిజిస్ట్రేషన్ చేయించాలి కాబట్టి. ఖాళీ చేయడానికి ఇరుపక్షాలకూ ఒక నెల గడువు ఉండేలా చూసుకోండి. మీ ఆఫీసు రోజులు మళ్ళీ మారవచ్చు కదా.

నారాయణవనం రోడ్డు వైపు ఇంజనీరింగ్ కళాశాలలు ఉన్నాయి. అక్కడ కొందరు యజమానులు విద్యార్థులకు తలకింత అని ఇస్తారు, కుటుంబానికి ఇస్తే అంత రాదని వారి లెక్క, కాబట్టి ఆ వైపు మీ బడ్జెట్‌కు దొరకడం కష్టం. కళాశాలలు తెరవకముందే, అంటే వేసవి సెలవుల్లో చూసుకుంటే బేరానికి కాస్త వీలుంటుంది. స్టేషన్ దగ్గరి పాత వీధుల్లో మేడమీద పోర్షన్లు ఉంటాయి, వాటికి బోర్డులు పెట్టరు, కిరాణా అంగడిలో అడిగితే చెబుతారు. మెట్లు మాత్రం బాగా నిటారుగా ఉంటాయి. జారిపడినా విరిగిన ఎముకకు కట్టు కట్టేవారికి మా ఊళ్ళో లోటు లేదు గానీ, చిన్నపిల్ల ఉంది కాబట్టి పిట్టగోడ ఎత్తు కూడా చూసుకొని మాట్లాడండి.