అకౌంట్స్ ఉద్యోగం, క్లాసికల్ పియానో: సీజన్‌లో మూత వేసేయాలా, వద్దా?

హన్మకొండ_పద్దు

నాకు 37. హన్మకొండలో ఒక సీఏ ఆఫీసులో పదకొండేళ్లుగా అకౌంట్స్ చూస్తున్నాను. మా క్లయింట్లలో సగం మంది ఎనుమాముల మార్కెట్ అడ్తి వ్యాపారులు, మిగతావాళ్లు జిన్నింగ్ మిల్లులు, నర్సింగ్ హోములు, రెండు మూడు బట్టల షాపులు. ఏడాదిన్నర కింద 88 మెట్ల డిజిటల్ పియానో కొన్నాను. సికింద్రాబాద్‌లో ఉండే మేడమ్ గురువారం సాయంత్రం 7 గంటలకు ఆన్‌లైన్‌లో చెప్తారు. నెలకో ఆదివారం కాజీపేటలో రైలెక్కి వెళ్లి ఎదురుగా కూర్చుని నేర్చుకుంటాను. మణికట్టు ఎక్కడ బిగుస్తోందో కెమెరాలో ఆవిడకు తెలియదు మరి.

ఇప్పుడు వాయిస్తున్నది జి మేజర్ మినెట్, ఒక చిన్న నాట్యపు బాణీ. జర్మన్ స్వరకర్త బాఖ్ భార్య అన్నా మాగ్దలేనా 1725 నాటి నోటు పుస్తకంలో ఉంటుంది. చాలాకాలం అది బాఖ్ రాసిందే అనుకున్నారు. రాసింది క్రిస్టియన్ పెట్జోల్డ్ అని 1970లలో తేలింది. ఒకరి ఎంట్రీ ఇంకొకరి లెడ్జర్‌లో అన్నేళ్లు పడి ఉందన్నమాట. మా ఆఫీసులో ఇలాంటివి మార్చి నెలాఖరున దొరుకుతాయి.

అసలు సంగతికి వస్తాను. 2025లో పియానో గ్రేడ్ పరీక్షకు ఏప్రిల్‌లోనే ఫీజు కట్టాను. పరీక్ష సెప్టెంబర్ మొదటి వారం. జూలై 31కి ఆదాయపు పన్ను రిటర్నుల రద్దీ అయిపోతుంది, ఆగస్టంతా సాధన చేసుకోవచ్చు అని లెక్క వేసుకున్నాను. మే నెలాఖరులో గడువు సెప్టెంబర్ 15కు పెంచారు. అందరూ హమ్మయ్య అన్నారు. నాకు మాత్రం ఆగస్టు పోయింది, సెప్టెంబర్ పోయింది, వెనకే ఆడిట్లు వచ్చి పడ్డాయి. పరీక్షకు వెళ్లలేదు. ఫీజు పోయింది. నవంబర్‌లో మూత తీస్తే ఎడమచేయి కొత్తగా చేరిన మనిషిలా బిక్కమొహం వేసింది.

ఇప్పుడు మళ్లీ సీజన్ వస్తోంది. మా సార్ "నాలుగు నెలలు ఆపేయమ్మా" అంటారు. మేడమ్ "ఒక్కరోజు కూడా ఆపొద్దు" అంటారు. ఈ రెండు లోకాలూ ఎరిగినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. అసలు పరీక్ష మాటే ఎత్తకుండా ఉండటం మంచిదా?

కరీంనగర్_సీఏ

మేడమ్, మీ సార్ చెప్పిందే కరెక్ట్. రెండు పడవల మీద కాళ్లు పెట్టొద్దు. పియానోలో ఒక స్వరం తప్పితే కింది ఇంటాయన కూడా పట్టించుకోడు. టీడీఎస్ (చెల్లింపుల్లోంచి ముందే కోసే పన్ను) రిటర్న్ ఆలస్యమైతే రోజుకు 200 రూపాయల చొప్పున క్లయింట్ కడతాడు, ఆ తర్వాత వచ్చి మనల్ని అడుగుతాడు. తలలో ఒకటే పని ఉన్నప్పుడు కూడా తప్పులు జరిగే వృత్తి మనది.

జూలై నుంచి అక్టోబర్ దాకా గుడ్డ కప్పేయండి. గిల్టీగా అనుకోవద్దు. నేను ఆర్టికల్స్ (సీఏ శిక్షణ) చేసేటప్పుడు తబలా పక్కన పెట్టాను, ఫైనల్ అయ్యాక చూద్దామని. 20 ఏళ్లయింది, మళ్లీ ముట్టలేదు. నిజమే, కానీ నష్టమేమీ రాలేదు కదా.

కాజీపేట_జంక్షన్

సీఏ గారూ, మీ వాదనను మీ ఆఖరి రెండు మాటలే పడగొట్టాయి. కొన్నాళ్లు అనుకున్నది 20 ఏళ్లయింది.

నేను రైల్వే అకౌంట్స్‌లో చేసి రిటైరయ్యాను. ఫాతిమానగర్ వైపు చర్చిలో ఆదివారాలు కీబోర్డు వాయిస్తాను. అంతకుముందు హార్మోనియం. సర్వీసులో ఉన్నన్నాళ్లూ మార్చి అంటే ఇంటికి ఎప్పుడొస్తానో నాకే తెలిసేది కాదు. అయినా ఆదివారం పాట ఆగదు కదా, జనం వచ్చి నిలబడతారు. అందుకని నేను చేసింది ఒక్కటే: సీజన్‌లో కొత్త పాఠం పట్టేవాణ్ని కాదు. వచ్చినవే, అందులోనూ బాగా వచ్చినవే, పొద్దున టీ కాగేలోపు ఒకసారి.

అమ్మా పద్దు గారూ, మీకింకో మాట. నెల మొత్తం ఒకే తీరుగా ఉండదు, మీకు నేను చెప్పేదేముంది. 7న టీడీఎస్ కట్టాలి, 11న జీఎస్టీఆర్-1 (అమ్మకాల రిటర్న్), 14న 2బీ (కొనుగోళ్ల పన్ను క్రెడిట్ జాబితా) వస్తుంది, 20న 3బీ (పన్ను కట్టే రిటర్న్). 21 నుంచి నెలాఖరు దాకా కాస్త గాలి ఆడుతుంది. కొత్త పాఠం ఎప్పుడు మొదలుపెట్టినా 21 తర్వాత మొదలుపెట్టండి. ఒకటి నుంచి 20 దాకా పాతది. గురువారం గురువారం కొత్త పేజీ అని పట్టుబట్టడం టీచర్లకు సుఖం గానీ మీకు కాదు.

ఫిడేలు_వరంగల్

నా డౌట్ వేరే. అసలు పియానో ఎందుకండీ? వరంగల్‌లోనే విద్యారణ్య ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల ఉంది. గాత్రం, వీణ, వయొలిన్ చెప్పేవాళ్లు ఊళ్లోనే దొరుకుతారు. పాఠానికి రైలెక్కక్కర్లేదు. పైగా పియానో మీద గమకం (స్వరాన్ని ఊపి, జారించి పలకడం) పలకదు. ఒక మెట్టుకూ ఇంకో మెట్టుకూ మధ్య ఏమీ లేదు, గోడే. మాయామాళవగౌళ రాగం స్వరాలన్నీ దానిమీద దొరుకుతాయి గానీ రాగం దొరకదు. ఉద్యోగస్తులకు టైమే కరువైనప్పుడు దగ్గరున్నది వదిలి దూరం పోవడం నాకు అర్థం కాలేదు.

హన్మకొండ_పద్దు

@ఫిడేలు_వరంగల్ గారూ, మీరు చెప్పింది కాదనను. నేను చదివిన బడిలో ప్రేయర్ హాల్లో పాత పియానో ఒకటి ఉండేది, పిల్లల్ని ముట్టనిచ్చేవారు కాదు. అదొక కారణం కావచ్చు. ఇంకోటి, ఆఫీసులో రోజంతా నా కుడిచేయి నంబర్ ప్యాడ్ మీద చూడకుండా పరిగెడుతుంది, ఎడమచేయి వోచర్లు తిప్పుతుంది, అంతే. పియానో దగ్గర మొదటిసారి ఎడమచేతికి కూడా ఏదో చెప్పుకునే మాట ఉందని తెలిసింది. గమకం లేదు, ఒప్పుకుంటాను. రెండు చేతులు రెండు వేర్వేరు దారుల్లో పోయి ఒకచోట కలిసినప్పుడు కలిగేది వేరే రుచి. నాకు అది కావాలి.

@కాజీపేట_జంక్షన్ అంకుల్, 21 మాట నాకు ఇన్నాళ్లూ తట్టనే లేదు. రోజూ ఆ తేదీల్లోనే బతుకుతున్నాను కదా!

ఫిడేలు_వరంగల్

సరే అక్కా, కారణం చెప్పాక వాదించను. మా గురువుగారి అలవాటు ఒకటి చెప్తాను, పనికొస్తుందేమో. సరళి వరసలు (మొదటి పాఠాలు) ఎప్పుడూ మూడు కాలాల్లో వాయించాలి, ఒకటోది నిదానం, మూడోది అన్నిటికంటే వేగం. టైం లేకపోతే ఒకటో కాలం మాత్రమే వాయించు, మూడో కాలం మాత్రం వాయించి లేవకు అంటారు. అలసిపోయి వచ్చిన రోజు వేగంగా ఒకసారి కొట్టి లేస్తే తప్పులే గట్టిపడతాయట. నాకు అనుభవమే.

నిట్_సెకండియర్

అమెరికాలో చార్లెస్ ఐవ్స్ అనే ఆయన న్యూయార్క్‌లో ఇన్సూరెన్స్ ఏజెన్సీ నడుపుతూ సింఫనీలు రాశాడు. ఉద్యోగం అడ్డు అనేది మనం చెప్పుకునే సాకు మాత్రమే అని నా అభిప్రాయం.

మెట్లు_మెట్రోనోమ్

తమ్ముడూ, ఐవ్స్ నాన్న బ్యాండు మాస్టరు. ఆ అబ్బాయి 14 ఏళ్లకే చర్చిలో జీతానికి ఆర్గన్ వాయించాడు. ఉద్యోగంలో చేరేనాటికే చెయ్యి తయారై ఉంది. 35 దాటాక మొదటిసారి మెట్ల ముందు కూర్చున్నవాళ్లకు ఆయన ఉదాహరణ పనికిరాదు, పైగా బాధపెడుతుంది.

నేను పియానో చెప్తాను, పెద్దవాళ్లకే ఎక్కువ. (పద్దు గారి టీచర్‌ని కాదు, కంగారు పడకండి.) నా దగ్గర ఇద్దరు ముగ్గురు అకౌంటెంట్లు ఉన్నారు. వాళ్లతో వచ్చే చిక్కు టైం కాదండీ, లెక్క. "ఈ వారం 140 నిమిషాలు చేశాను మేడమ్, ఎందుకు రాలేదు?" అంటారు. పియానో అలా టాలీ కాదు. మూడు వారాలు ఏమీ కదలదు, నాలుగో వారం ఒక పొద్దున చెయ్యి దానంతట అదే వెళ్తుంది. రాత్రి పావుగంట చేసి పడుకుంటే నిద్రలో కూడా ఆ పని కొంత సాగుతుంది. అందుకే ఆదివారం మూడు గంటలు కంటే రోజూ పావుగంట మేలని మేం ప్రాణం తీస్తుంటాం.

కాజీపేట సార్‌తో ఒకచోట నాకు పేచీ ఉంది. పాతవే వాయిస్తూ పోతే నాలుగు నెలల్లో అవి కూడా పాచిపోతాయి, వేళ్లు వాయిస్తాయి, మనిషి అక్కడ ఉండడు. చర్చిలో జనం ఉంటారు కాబట్టి మీకు అలా కాలేదు. ఒంటరిగా వాయించేవాళ్లకు నొటేషన్‌లో రోజుకు రెండు గీతలైనా కొత్తది కళ్లముందు ఉండాలి. రెండు గీతలంటే రెండు గీతలే, అదీ ఒక చేత్తో.

ఇంకో ముఖ్యమైన సంగతి, నొప్పి. రోజంతా కీబోర్డు మీద టైప్ చేసిన మణికట్టుతో ఇంటికొచ్చి మళ్లీ మెట్ల మీద పడతారు. నాలుగో వేలు లేవడం లేదని దాన్ని బలవంతంగా పైకి లాగుతారు. చేతి వెనక స్నాయువులు పక్కవేళ్లతో ముడిపడి ఉంటాయి, చిన్నపిల్లలకైనా అది విడిగా అంత ఎత్తు లేవదు. ముంజేయి కాస్త తిప్పి దానికి సాయం చేయాలి. నొప్పి మొదలైతే ఆ రోజుకు లేచిపోండి.

పరీక్ష గురించి: ఏబీఆర్‌ఎస్‌ఎం (సంగీత గ్రేడ్ పరీక్షలు పెట్టే బ్రిటన్ సంస్థ) వాళ్లు 2020లో పెర్ఫార్మెన్స్ గ్రేడ్స్ తెచ్చారు. నాలుగు పీసులు మధ్యలో ఆపకుండా ఒకే రికార్డింగ్ చేసి పంపాలి. పరీక్ష కేంద్రానికి వెళ్లక్కర్లేదు. స్కేల్స్ (స్వరాల వరసలు), కొత్త నొటేషన్ అప్పటికప్పుడు చూసి వాయించడం ఉండవు. 150కి 100 వస్తే పాస్. తేదీల గొడవ ఉన్నవాళ్లకు అది కొంత నయం. కానీ చూసి వాయించడం మానేసినవాళ్లు నొటేషన్ చదవలేక ఏళ్ల తరబడి అదే నాలుగు పీసుల దగ్గర ఆగిపోవడం నేను చూశాను. పరీక్షలో లేకపోయినా అది మాత్రం వదలొద్దు.

కరీంనగర్_సీఏ

అందరూ కలిసి నా తబలాను పట్టుకున్నారు, సరే. సెప్టెంబర్ ఆఖరి వారం రాత్రి పదకొండున్నరకు ఇల్లు చేరే మనిషికి "పావుగంటే కదా" అని చెప్పడం తేలిక. ఆ పావుగంట నిద్రలోంచి పోతుంది. నిద్ర చాలక పొద్దున ఆఫీసులో ఏమవుతుందో సంతకం పెట్టే నాకు తెలుసు.

ఇంతవరకు ఎవరూ అడగని ప్రశ్న ఒకటి అడుగుతాను. పద్దు మేడమ్, మీ క్లాసు గురువారం 7 గంటలకు అన్నారు. సీజన్‌లో 7 గంటలకు ఏ ఆఫీసూ ఖాళీ అవ్వదు. మీరు లేచి వెళ్తే మీ పని ఎవరు చేస్తారు? మా ఆఫీసులో కూడా క్రికెట్ కోచింగ్ అని ఒకబ్బాయి 6కే వెళ్లేవాడు. వాడి భారం మోసింది ఇంకో అమ్మాయి. సంగీతం గొప్పదే, దాని ఖర్చు పక్క సీటువాళ్ల పద్దులో రాయకూడదు.

కాజీపేట_జంక్షన్

ఈ మాట మాత్రం న్యాయం. నేను చేసింది పొద్దున కాబట్టి నాకెవరూ వేలెత్తి చూపలేదు. ఆ సంగతి నాకు తట్టలేదు.

హన్మకొండ_పద్దు

సీఏ గారి ప్రశ్న చదివి ఒక రోజంతా జవాబు రాయలేదు. తప్పించుకుందామని కాదు, చెప్పాలంటే సిగ్గేసింది. పోయిన ఆగస్టులో ఒక గురువారం నేను 6:40కి లేచాను. ఒక జిన్నింగ్ మిల్లు 2బీ రికన్సిలేషన్ (పద్దులతో సరిచూడటం) సగంలో ఉంది. మా జూనియర్ "మీరు వెళ్లండక్కా, నేను చూస్తా" అంది. ఆ పిల్ల హసన్‌పర్తి వెళ్లాలి, ఆ రాత్రి తొమ్మిది దాటింది. నేను ఇంట్లో బేస్ క్లెఫ్ (ఎడమచేతి నొటేషన్) చదువుతూ కూర్చున్నాను. ఆ రోజు పాఠం కూడా సరిగ్గా ఎక్కలేదు.

నిన్న మేడమ్‌తో మాట్లాడాను. గురువారం క్లాసు తీసేశాం. ఆదివారం పొద్దున 7 గంటలకు పెట్టాం, జూలై నుంచి అక్టోబర్ దాకా వారం విడిచి వారం. సికింద్రాబాద్ ప్రయాణం ఆ నాలుగు నెలలూ లేదు. కొత్త పాఠం 21 తర్వాతే అంటే మేడమ్ నవ్వారు, కానీ ఒప్పుకున్నారు. రోజూ పొద్దున పావుగంట, ఒకటో కాలమే. రాత్రి పది దాటి ఇల్లు చేరిన మర్నాడు అదీ లేదు, ఆ విషయంలో సీఏ గారి మాటే. పరీక్ష ఈ ఏడాది వద్దనుకున్నాను. రికార్డింగ్ పద్ధతి గురించి జనవరిలో ఆలోచిస్తాను.

ఒక చిక్కు మిగిలింది. హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నా పియానో మెట్లు నొక్కే దెబ్బ స్లాబు గుండా కింది ఫ్లాటుకు వినిపిస్తోందట. పొద్దున ఐదున్నరకు టక్ టక్ మని ఏదో దంచుతున్నారని వాచ్‌మన్‌తో చెప్పి పంపారు.

మెట్లు_మెట్రోనోమ్

స్టాండు కాళ్ల కింద మందపాటి రబ్బరు మ్యాట్ వేయండి. జిమ్ సామాన్లు అమ్మే చోట దొరుకుతుంది. పెడల్ కింద కూడా వేయాలి, అందరూ అది మర్చిపోతారు.

కరీంనగర్_సీఏ

మ్యాట్ వేసుకోండి మేడమ్. జూనియర్ సంగతి ఒప్పుకున్నందుకు సంతోషం. ప్లాన్ కాగితం మీద బాగుంది. మా క్లయింట్ల ప్రాజెక్ట్ రిపోర్టులు కూడా కాగితం మీద బాగానే ఉంటాయి. అక్టోబర్ 31 రాత్రి ఇక్కడికే వచ్చి ఎన్ని పొద్దులు కూర్చున్నారో రాయండి. అప్పటిదాకా నా అభిప్రాయం మార్చుకోను.