కాకర రసం తాగితే పెద్దబాపు షుగర్ 312 నుంచి 178కి దిగింది. నమ్మాలా, వద్దా, ఎట్ల ఆలోచించాలె?

సిరి (జగిత్యాల):
మా పెద్దబాపుకు షుగర్ ఉన్నది, గోళీలు వేసుకుంటడు. సంక్రాంతి పోయినంక బాగా నీరసమైతే పరగడుపున పరీక్ష చేయించినం. 312 వచ్చింది. మా మేనత్త చెప్పిందని తెల్లారి నుంచే గ్లాసెడు కాకరకాయ రసం తాగుడు మొదలుపెట్టిండు. మూడు వారాలకు మళ్ల చూస్తే 178. ఇగ గోళీలు బంద్ చేస్త అంటున్నడు.

నేను బీఎస్సీ రెండో ఏడు. "ఇదంతా ఉత్తదే" అంటే మా అన్న ఊకుంటలేడు. "అంకె కండ్ల ముందట ఉన్నది గదా, చదువుకున్నోళ్లకు మన మందులంటే చులకన" అంటడు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఇసొంటివి వచ్చినప్పుడు గుడ్డిగ నమ్మకుండ, గుడ్డిగ కొట్టేయకుండ ఎట్ల ఆలోచించాలె?

మాధవి:
డాక్టర్‌ని అడగకుండా గోళీలు మాత్రం ఆపనివ్వద్దు. మిగతా చర్చ అంతా దాని తర్వాతే.

ల్యాబ్ బాబాయ్ (తెనాలి):
సిరీ, నేను ల్యాబ్ టెక్నీషియన్ని తల్లీ. రోజూ ఈ అంకెలు వేసి చేతికిచ్చే పని నాది, అందుకే కాస్త వివరంగా రాస్తున్నా.

ముందు ఆ రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టు. రెండూ ఒకే ల్యాబువా? రెండూ పరగడుపువేనా? ఒకటి చేతి నరంలోంచి తీసిన రక్తం, రెండోది ఇంట్లో వేలు గుచ్చి మీటర్లో చూసింది అయితే వాటిని నేరుగా పోల్చలేం. 100 దాటిన అంకెల్లో మీటర్ 15 శాతం దాకా అటూ ఇటూ చూపించినా ప్రమాణాల ప్రకారం అది మంచి మీటరే. ట్యూబ్ సంగతి కూడా ఉంది. షుగర్‌కి మేము బూడిదరంగు మూత ట్యూబ్ వాడతాం, అందులో ఫ్లోరైడ్ ఉంటుంది. అది లేని ట్యూబులో రక్తం తీసి అలాగే ఉంచేస్తే, అందులోని కణాలే చక్కెరను వాడేసుకుంటాయి. గంటకి సుమారు 5 నుంచి 7 శాతం పడిపోతుంది. పొద్దున పల్లెలో తీసిన శాంపిల్ మధ్యాహ్నానికి టౌనుకి చేరే చోట ఇది చిన్న తేడా కాదు.

అయినా 312కీ 178కీ మధ్య తేడా అంతా ట్యూబుదే అనను. నిజంగానే తగ్గి ఉంటుంది. చిక్కు ఇక్కడే ఉంది. షుగర్ తగ్గిందన్నది ఒక మాట, రసం వల్ల తగ్గిందన్నది ఇంకో మాట. మీ అన్న మొదటిదానికి సాక్ష్యం చూపించి రెండోది ఒప్పుకోమంటున్నాడు. నువ్వేమో రెండోది కాదనబోయి మొదటిదాన్ని కూడా కొట్టేస్తున్నావు. అందుకే మీ ఇద్దరికీ తెగట్లేదు.

"రసం మంచిదా కాదా" అన్నది పక్కన పెట్టి, "రసం తాగకపోయినా 178 వచ్చేదా?" అని అడుగు. 312 చూసి భయపడ్డ మనిషి రసం ఒక్కటే తాగి ఊరుకోడు. చేతికి బ్యాండు కట్టేటప్పుడు నేను అడుగుతుంటాను, "ఏం చేశారండీ, ఇంత తగ్గింది?" అని. "కాకర రసమండీ" అంటారు. ఇంకాస్త కదిపితే ఒక్కొక్కటీ బయటికొస్తుంది: టీలో పంచదార మానేశారు, రాత్రి అన్నం బదులు రొట్టె, పొద్దున నడక, మధ్యమధ్యలో ఎగ్గొట్టే రాత్రి మాత్ర ఇప్పుడు తప్పకుండా వేసుకుంటున్నారు. పైగా మీది పండగ వెళ్లాక చేసిన పరీక్ష. సకినాలు, అరిసెలు ఎన్ని రోజులు తిన్నారో అడుగు. అప్పట్లో జ్వరమో, ఇన్‌ఫెక్షనో ఉంటే దానివల్ల కూడా షుగర్ పెరుగుతుంది.

అలాగని పసరు కదా అని తీసిపారేయకు. పెద్దబాపు వేసుకునే గోళీ మెట్‌ఫార్మిన్ అయితే, దాని మూలం యూరప్‌లో పెరిగే గలేగా అనే మొక్కలో ఉంది. ఆ మొక్కలోని పదార్థం మీద మొదలైన పరిశోధనే చివరికి మెట్‌ఫార్మిన్ దాకా వచ్చింది. ఫ్రాన్స్‌లో జాన్ స్టెర్న్ అనే డాక్టర్ దాన్ని షుగర్ రోగులకు ఇచ్చి 1957లో ఫలితాలు ప్రకటించాడు. కాకరనీ పరీక్షించారు. 2012లో కాక్రేన్ వాళ్లు (వైద్య ప్రయోగాలన్నీ పోగేసి, ఏది ఎంతవరకు నమ్మొచ్చో చూసే అంతర్జాతీయ సంస్థ) నాలుగు ప్రయోగాలను, మొత్తం 479 మందిని లెక్కలోకి తీసుకుని, పనిచేస్తుందని చెప్పడానికి ఆధారాలు చాలవన్నారు. పనిచేయదని తేలిపోయినట్టు కాదు.

మీ అన్న మాటే నిజమనుకుని కూడా ఒకసారి ఆలోచించు. రసం నిజంగా అంత బలంగా షుగర్‌ని దించితే, గోళీలకు అది తోడై మరీ కిందికి పడిపోవచ్చు. కళ్లు తిరగడం, చెమటలు పట్టడం ఉంటాయి. అంటే రసం పనిచేసినా, చేయకపోయినా డాక్టర్‌కి చెప్పాల్సిందే. అక్కడ మీ ఇద్దరికీ తగువు ఉండక్కర్లేదు.

లెక్కల లెక్చరర్ (హన్మకొండ):
బాబాయ్ గారి మాటకు ఇంకొకటి కలుపుతున్న. పెద్దబాపు రసం ఎప్పుడు మొదలుపెట్టిండు? అంకె అన్నిటికంటే ఎక్కువున్న రోజు. ఎగుడుదిగుడుగా ఉండే ఏ కొలతైనా శిఖరం మీదున్నప్పుడు పట్టుకుంటే తర్వాతి కొలత మామూలుకు దగ్గరగా వచ్చే అవకాశమే ఎక్కువ. గాల్టన్ అనే ఇంగ్లండ్ శాస్త్రవేత్త 1886లో తల్లిదండ్రుల, పిల్లల ఎత్తులతో దీన్ని చూపించిండు. మరీ పొడుగు తల్లిదండ్రుల పిల్లలు సగటున వాళ్లకంటే కొంచెం పొట్టిగ ఉంటరు. నొప్పి, జ్వరం, షుగర్, ఏదైనా ఇంతే. బాగా ముదిరినప్పుడే మందు వెతుకుతం కాబట్టి ఏం తాగినా పనిచేసినట్టే కనబడుతది.

రాధిక (అనంతపురం):
మా అత్తగారికి కాకర రసంతో నిజంగానే తగ్గింది. పెద్దవాళ్ల అనుభవాన్నంతా ఇట్లా లెక్కలతో కొట్టేస్తే ఎట్లా అండీ?

ల్యాబ్ బాబాయ్:
కొట్టేయట్లేదమ్మా. అనుభవం లేకపోతే ఎవరికీ కాకర మీద ప్రయోగం చెయ్యాలనే తోచదు. కానీ ఒక్క అత్తగారి దగ్గర రెండో వైపు కనబడదు. తాగి తగ్గనివాళ్లు, తాగకుండానే తగ్గినవాళ్లు మన పక్కకొచ్చి కథ చెప్పరు కదా.

1747లో జేమ్స్ లిండ్ అనే ఓడ డాక్టర్ చేసింది ఇదే. చిగుళ్లు కుళ్లే స్కర్వీకి ఎవరి మందు వాళ్లకి గొప్ప. ఆయన జబ్బు పడ్డ 12 మంది నావికులను ఇద్దరిద్దరిగా విడదీసి, మామూలు తిండి అందరికీ ఒకటే పెట్టి, ఒక జంటకి వెనిగర్, ఒక జంటకి సముద్రపు నీళ్లు, ఇంకో జంటకి నారింజ, నిమ్మ, ఇలా ఆరు రకాలు ఇచ్చాడు. నారింజ, నిమ్మ తిన్న ఇద్దరూ అందరికంటే త్వరగా లేచారు. ఆ పళ్ల గురించి అంతకుముందూ చెప్పినవాళ్లున్నారు. ఈయన పక్కపక్కన పెట్టి చూపించాడు.

సిరి:
అందరికీ థాంక్స్. రిపోర్టులు తీసి చూసినం. మొదటిది ల్యాబ్‌ది, రెండోది మా బావ మీటర్ల చూసింది. రాత్రి గోళీ సంగతి అడిగితే, అంతకుముందు సగం రోజులు వేసుకోలేదని పెద్దమ్మ చెప్పింది. పెద్దబాపు ఏమనలేదు.

అన్నతోని ఈసారి కొట్లాడలేదు. "నీ మాట తప్పని నీకు అనిపియ్యాలంటే ఏం కనబడాలె?" అని అడిగిన. జర సేపు ఆలోచించి, "రసం ఆపినా మూడు నెలల సగటు పెరగకపోతే ఒప్పుకుంట" అన్నడు. "పెరిగితే నువ్వు?" అని తిరిగి అడిగిండు. మిగతావన్నీ మారకుండ ఉండి పెరిగితే కాకరల ఏదో ఉన్నదని నేను ఒప్పుకుంట అన్న. రెండూ నోట్‌బుక్‌ల రాసినం.

ల్యాబ్ బాబాయ్:
అయితే ఇప్పుడే ఒక హెచ్‌బీఏ1సీ చేయించండి. రెండు మూడు నెలల సగటు చెబుతుంది, ఒక్కరోజు పండగకి అంతగా ఊగదు. రసం ఆపాక మూడు నెలలకు అదే ల్యాబులో మళ్లీ చేయించండి. గోళీలు డాక్టర్ చెప్పినట్టే నడవాలి. మధ్యలో ఆయన మోతాదు మారిస్తే నోట్‌బుక్‌లో తేదీ వేసి రాసుకోండి, అప్పుడు పోలిక చెల్లదు.

సిరి:
శుక్రవారం డాక్టర్ దగ్గరికి పోతున్నం. రసం ముచ్చట అన్ననే చెప్త అన్నడు.