రాజకీయ చర్చల్లో వెటకారం: అపార్థమైతే తప్పు రాసినవాడిదా, చదివినవాడిదా?

ఏటిగట్టు:

అందరికీ నమస్కారం. నాలుగు రోజులుగా మనసులో నలుగుతున్న విషయం ఇది. మీ అభిప్రాయం కావాలి.

మా ఊరి నుంచి మండల కేంద్రానికి వెళ్ళే రోడ్డు మూడేళ్ళుగా గుంతలే. వాన పడితే గుంత ఎక్కడో, రోడ్డు ఎక్కడో తెలియదు. మొన్న మా ఊరి వాట్సాప్ గ్రూపులో రెండు పార్టీల వాళ్ళు ఈ రోడ్డు గురించే వాదించుకుంటుంటే నేను ఇలా రాశాను: "ఇంత అద్దం లాంటి రోడ్డు జిల్లాలో ఇంకెక్కడుంది? వేసిన నాయకులకు మనమంతా కలిసి పాలాభిషేకం చేయాలి." రోజూ ఆ రోడ్డు మీద తిరిగేవాళ్ళకు ఇది వెటకారమని వేరే చెప్పాలా అనుకున్నాను.

గంటలో చప్పట్ల బొమ్మలు మొదలయ్యాయి. అధికార పార్టీ కుర్రాళ్ళు నా మాటను స్క్రీన్‌షాట్ తీసి, "అవతలి పార్టీ వాళ్ళే ఒప్పుకుంటున్నారు" అని పక్క ఊళ్ళ గ్రూపులకు పంపారు. పాలాభిషేకం ఎప్పుడు పెట్టుకుందామని ఒకాయన నిజంగానే అడిగాడు. మా వైపు వాళ్ళు ఇద్దరు "ఎంతకు అమ్ముడుపోయావు" అన్నారు. నేను ఏమీ అనలేదు. రేపటికి వాళ్ళకే అర్థమవుతుందిలే అని ఊరుకున్నాను.

నా అసలు బాధ ఇది కాదు. మా మేనమామ పోయిన ఏడాది అదే రోడ్డు మీద బండి జారి పడ్డాడు. తొడ ఎముక విరిగింది, రాడ్ వేశారు, ఇప్పటికీ కుంటుతూనే నడుస్తాడు. నేను ఆ మాట రాసిన మర్నాడు సాయంత్రం ఆయన గ్రూపు నుంచి వెళ్ళిపోయాడు. నాకు ఫోన్ కూడా చేయలేదు.

నాకు తోచింది ఇది. రాజకీయాల్లో ఎంత విడ్డూరమైన మాట రాసినా, దాన్ని నిజంగా నమ్మి అనేవాళ్ళు అదే గ్రూపులో ఇద్దరు ఉంటారు. అలాంటప్పుడు చదివేవాడు ఎలా తేల్చుకుంటాడు? కాబట్టి తప్పు రాసినవాడిదే. రాజకీయం రాసేటప్పుడు ఉన్నది ఉన్నట్టు రాయాలి, వెటకారం మానుకోవాలి. కాదనేవాళ్ళు ఎందుకు కాదో చెప్పండి.

పాత పంతులు:

ఏటిగట్టు గారూ, నేను ముప్పై ఏళ్ళు తెలుగు పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. నాకు తెలిసిన దారిలోనే చెబుతాను.

మన అలంకారశాస్త్రంలో కాకువు అనే మాట ఉంది. గొంతు మారడం వల్ల అర్థం మారడం అన్నమాట. "ఆహా, ఎంత మంచివాడివయ్యా" అన్న మాట గొంతును బట్టి పొగడ్త అవుతుంది, తిట్టు కూడా అవుతుంది. అక్షరాలు మాత్రం అవే. పైకి పొగుడుతూ లోపల నిందించడం, పైకి నిందిస్తూ లోపల పొగడడం, రెండూ వ్యాజస్తుతి. మీ పాలాభిషేకం ఇందులో మొదటి రకం.

11వ శతాబ్దంలో కశ్మీరులో ఉన్న మమ్మటుడు, పైకి కనిపించని అర్థం వినేవాడికి దేనివల్ల తెలుస్తుందో ఒక వరస చెప్పాడు. అంటున్నది ఎవరు, ఎవరితో అంటున్నారు, ఏ గొంతుతో, ఏ సందర్భంలో, ఏ చోట, ఏ సమయంలో. ఇంకా ఉన్నాయి గానీ ఈ ఆరు చాలు. క్లాసులో ఎన్నోసార్లు ఈ శ్లోకం చెప్పాను. అది ఎంత నిజమో నాకు స్క్రీన్‌షాట్లు వచ్చాకే తెలిసింది. మీ మాట మీ గ్రూపులో ఉన్నంతసేపు ఈ ఆరింటిలో గొంతు ఒక్కటే లేదు. కత్తిరించి పక్క ఊరికి పంపేసరికి ఆరూ పోయాయి. అక్షరాలు మిగిలాయి. ఆ అక్షరాలు పొగుడుతున్నాయి.

అయినా వెటకారం మానమంటే నేను ఒప్పుకోను. మాది గోదావరి జిల్లా. మా వైపు పలకరింపులోనే వెటకారం ఉంటుంది. "ఏమండోయ్, మమ్మల్ని గుర్తుపట్టారే" అంటే ఎవరూ నొచ్చుకోరు. ఎదురుగా మొహం కనిపిస్తుంది, రెండు ఇళ్ళ మధ్య తాతల నాటి పరిచయం ఉంటుంది. ఆ పరిచయం ఉన్నచోట ఉండనివ్వండి. ఎవరు చదువుతారో తెలియని చోట మాత్రం జాగ్రత్త అవసరం.

నల్లకోటు:

ఏటిగట్టు అన్నా, మీ మామయ్య సంగతి చదివి చాలా బాధేసింది. కానీ "ఉన్నది ఉన్నట్టు రాయాలి" అన్న దగ్గర ఆగిపోయాను. ఉన్నది ఉన్నట్టు రాసే వీలు అందరికీ ఉందా?

నేను కోర్టులో ప్రాక్టీసు చేస్తాను కాబట్టి ఒక కేసు చెబుతాను. 2012 ఏప్రిల్‌లో జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ అంబికేశ్ మహాపాత్రను కోల్‌కతాలో అరెస్టు చేశారు. ముఖ్యమంత్రి మమతా బెనర్జీ మీద వచ్చిన ఒక కార్టూన్‌ను ఈమెయిల్‌లో ఇతరులకు పంపడమే ఆయన చేసింది. ఇంటర్నెట్‌లో అభ్యంతరకరమైన సందేశాలు పంపడాన్ని నేరంగా చూసిన ఐటీ చట్టంలోని 66ఏ సెక్షన్ కూడా పెట్టారు. సుప్రీంకోర్టు 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో ఆ సెక్షన్‌నే కొట్టేసింది. అయినా ఆయనకు కేసు నుంచి విముక్తి దొరికింది 2023 జనవరిలో. ఒక్క కార్టూన్‌కు దాదాపు పదకొండేళ్ళు.

పైన ఉన్నవాడికి వెటకారంతో పని లేదు, నేరుగానే తిట్టగలడు. పింఛను కాగితం మీద సంతకం కావలసిన ముసలమ్మ కొడుకు "రోడ్డు డబ్బు తిన్నారు" అని ఊరి గ్రూపులో రాయలేడు. "అద్దం లాంటి రోడ్డు" అని రాయగలడు. అర్థమయ్యేవాళ్ళకు అర్థమవుతుంది. ఎవరైనా నిలదీస్తే పొగిడానని చెప్పుకోవచ్చు. ఉన్న ఆ ఒక్క ఆసరా కూడా తీసేయకండి.

ఇంకొకటి. తప్పు మొత్తం రాసినవాడిదే అంటున్నారు. ఆ కుర్రాళ్ళు రోజూ అదే రోడ్డు మీద తిరుగుతారు. వాళ్ళకు అర్థం కాలేదని మీరు నిజంగా నమ్ముతున్నారా? అర్థమయ్యే వాడుకున్నారు. అది అపార్థం కాదు, అబద్ధం.

రాత్రి డ్యూటీ:

నల్లకోటు గారూ, మీ చివరి మాటతో నూటికి నూరు పాళ్ళూ ఏకీభవిస్తాను. కానీ "నిలదీస్తే పొగిడానని చెప్పుకోవచ్చు" అన్నారు చూడండి, ఆ సందు నుంచే కదా వాళ్ళు దూరారు? రాసినవాడు దాక్కునే చోటే ఎదుటివాడికి పనిముట్టు అవుతోంది.

నేను న్యూజెర్సీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. ఇది కంప్యూటర్ల మీద మాట్లాడుకోవడం మొదలైనప్పటి నుంచీ ఉన్న తలనొప్పి. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో లిఫ్టులో పాదరసం ఒలికిందని ఎవరో సరదాగా రాసింది కొందరు నిజమైన ప్రమాద హెచ్చరిక అనుకున్నారు. అప్పుడే 1982 సెప్టెంబర్ 19న స్కాట్ ఫాల్‌మన్ అనే ప్రొఫెసర్, సరదా మాట పక్కన కోలన్, అడ్డగీత, బ్రాకెట్ కలిపి నవ్వు మొహం పెడదామని రాశారు. ఈరోజు మనం పంపే బొమ్మల కన్నా ముందే వచ్చిన గుర్తు అది. అంటే ఆ గుర్తు పుట్టిందే అపార్థం ఆపడానికి.

2005లో జస్టిన్ క్రూగర్, నికొలస్ ఎప్లీ, మరికొందరు చేసిన ప్రయోగం మీకు చెప్పాలి. కొన్ని వాక్యాలు సీరియస్‌గా, కొన్ని వెటకారంగా ఈమెయిల్‌లో పంపమన్నారు. అవతలివాళ్ళు నూటికి 78 సార్లు సరిగ్గా పోల్చుకుంటారని పంపినవాళ్ళు అనుకున్నారు. పోల్చుకున్నది 56 సార్లు. నాణెం ఎగరేసినా 50 వస్తుంది! అవే మాటలు గొంతుతో చెప్పినప్పుడు 73 దాకా వెళ్ళింది. పంతులు గారు చెప్పిన కాకువు విలువ ఇక్కడ అంకెల్లో కనిపిస్తోంది. రాసేటప్పుడు మన గొంతు మన చెవిలో వినిపిస్తూ ఉంటుంది, అందుకే అందరికీ వినిపిస్తుందని అనుకుంటాం.

ఏటిగట్టు గారు చెప్పిన "నిజంగా నమ్మేవాళ్ళు ఇద్దరు ఉంటారు" అన్న మాట కూడా పాతదే. 2005లోనే నేథన్ పో అనే ఆయన, సృష్టి గురించిన మతచర్చలో ఇదే అన్నారు. కన్ను గీటే బొమ్మ లేకపోతే, ఎంత ఎగతాళిగా రాసినా ఎవరో ఒకరు నిజమనుకుంటారని. దాన్ని పో సూత్రం అంటున్నారు. ఇంగ్లిష్ వాళ్ళు వాక్యం చివర స్లాష్ ఎస్ (/s) పెట్టి వెటకారమని చెబుతారు. మనం "ఇది వెటకారం" అని రెండు ముక్కలు పెట్టుకోలేమా? పస తగ్గుతుంది, నిజమే. మామయ్య వెళ్ళిపోవడం కన్నా అది నయం.

ఊరి అడ్మిన్:

నేను ఒక ఊరి గ్రూపు నడుపుతున్నాను. గుర్తు పెట్టినా లాభం లేదు. మొదటి వాక్యం వరకే కత్తిరిస్తారు, మీ గుర్తు కింద పోతుంది. స్లాష్ ఎస్ అంటే మా ఊళ్ళో ఒక్కరికీ తెలియదు. నవ్వు బొమ్మ పెడితే మా పెద్దవాళ్ళు సంతోషంగా ఉన్నాడని అనుకుంటారు.

మీరంతా చదివేవాళ్ళ గురించే మాట్లాడుతున్నారు. మా టీ కొట్టు దగ్గర ఒకడు ఫోన్ చూసి పైకి చదువుతాడు, పదిమంది వింటారు. అందులో సగం మందికి చదువు రాదు. వాడు ఏ పార్టీ అయితే ఆ గొంతు పెట్టి చదువుతాడు. మీ మాటకు కాకువు మీరు పెట్టరు, వాడు పెడతాడు.

రెండు భాషలు:

అడ్మిన్ గారు చెప్పింది చదివి ఆగలేకపోయాను. నేను అనువాదం చేసి బతికేదాన్ని. గొంతు ఇంకొకరు పెట్టినట్టే, భాష మారినప్పుడు అర్థాన్నీ ఇంకొకరే పెడతారు.

2009 సెప్టెంబర్‌లో కేంద్రంలో పొదుపు చర్యల మాట నడుస్తోంది. విదేశాంగ సహాయ మంత్రి శశి థరూర్‌ను ఈసారి కేరళకు పశువుల తరగతిలో వెళ్తారా అని ఒక విలేకరి ట్విట్టర్‌లో అడిగారు. విమానంలో చౌక టికెట్టు సీట్లను ఇంగ్లిష్‌లో ఎకసెక్కంగా అలా అంటారు. "మన పవిత్ర గోవులన్నిటికీ సంఘీభావంగా తప్పకుండా" అన్న అర్థంలో ఆయన జవాబిచ్చారు. ఇంగ్లిష్‌లో పవిత్ర గోవు అంటే ఎవరూ ప్రశ్నించకూడని విషయం. మన దేశంలో ఆ మాట వినగానే గోవే గుర్తొస్తుంది, పశువులంటే ఆ సీట్లలో కూర్చునే జనం. సొంత పార్టీ నాయకులే మండిపడ్డారు. రాజీనామా చేయాలన్నారు. తర్వాత ఆయన క్షమాపణ చెబుతూ, మలయాళంలో అది ఇంకా ఘోరంగా వినిపిస్తుందట అని రాశారు. ప్రధాని మన్మోహన్ సింగ్ అది జోక్ అని సర్దిచెప్పాల్సి వచ్చింది. ఆ విలేకరికి అర్థమైంది, థరూర్‌కు అర్థమైంది. ఆ ఇద్దరి మధ్య ఉన్న మాట కోట్ల మంది ముందు పడింది.

అయితే మాట తెలిసినా, మనిషి తెలిసినా అపార్థం పోదని కూడా చెప్పాలి. అమెరికాలో స్టీఫెన్ కోల్బేర్ టీవీలో మితవాది (కన్సర్వేటివ్) వేషం కట్టి మితవాదులనే ఎగతాళి చేసేవారు. 2009లో 332 మందితో చేసిన అధ్యయనంలో, ఆయన మాటలు సరదాగా ఉన్నాయని రెండు వైపులవాళ్ళూ అన్నారు. కానీ ఆయన జోకు వేస్తున్నట్టు నటిస్తూ లోపల ఆ మాటలే నిజంగా నమ్ముతున్నారని మితవాదులు ఎక్కువగా అనుకున్నారు. అందరికీ తెలిసిన హాస్యనటుడి విషయమే ఇలా ఉంటే, గ్రూపులో ఒక్క వాక్యం రాసిన మనిషి సంగతి ఏమిటి?

నల్లకోటు:

కోల్బేర్ సంగతి చదివాక, నా వాదనకు ఎదురు తిరిగే ఒక పాత కేసు నేనే చెప్పాలి. ఇంగ్లాండ్‌లో 1702లో డానియల్ డెఫో అనే రచయిత పేరు వేయకుండా ఒక కరపత్రం తెచ్చాడు. ప్రభుత్వ చర్చిని ఒప్పుకోని క్రైస్తవులను ఉరితీయాలి, దేశం నుంచి తరిమేయాలి అని మహా గంభీరంగా రాశాడు. తీవ్రంగా మాట్లాడే చర్చి పక్షం వాళ్ళను వాళ్ళ మాటలతోనే ఎత్తిపొడవాలని ఆయన ఉద్దేశం. ఆ పక్షంలో కొందరు భలే రాశాడని మెచ్చుకున్నారు. ఏ జనం కోసం రాశాడో వాళ్ళు, అంటే ఆ చర్చిని ఒప్పుకోని ఆయన సొంత మనుషులు, భయపడ్డారు. రాసింది ఎవరో తెలిశాక ఆయన్ను అరెస్టు చేశారు. 1703 జూలైలో మూడు రోజులు మెడా చేతులూ కొయ్యలో బిగించి లండన్ వీధుల్లో నిలబెట్టారు.

పాలాభిషేకం కథ దీనికి ఎంత దగ్గరగా ఉందో చూడండి. ఎవరిని ఎత్తిపొడిచారో వాళ్ళు మెచ్చుకున్నారు, సొంతవాళ్ళు గాయపడ్డారు. ఆసరా అన్నాను, ఆ ఆసరా అంత గట్టిది కాదని ఒప్పుకుంటున్నాను. కానీ ముసలమ్మ కొడుకు ఏం చేయాలో నాకు ఇంకా ఎవరూ చెప్పలేదు.

ఏటిగట్టు:

అందరికీ కృతజ్ఞతలు. నిన్న ఊరికి వెళ్ళాను.

మామయ్య అరుగు మీద కూర్చుని ఉన్నాడు. చాలాసేపు మాట్లాడలేదు. నాకు వేరే ఉద్దేశం లేదు, వెటకారంగా రాశాను మామయ్యా అన్నాను. "అది నాకు తెలియదా రా? నిన్ను ఎత్తుకు తిప్పినవాణ్ణి. వాళ్ళు దాన్ని నిజమని ఊరూరా తిప్పుతుంటే ఒక్క మాట అనకుండా చూస్తూ కూర్చున్నావు. నేను ఒక రోజంతా చూశాను, అంటావేమో అని" అన్నాడు.

నేను ఇక్కడ అడిగింది రాసేటప్పటి సంగతి. ఆయన అడిగింది రాసిన తర్వాతి సంగతి. దానికి నా దగ్గర జవాబు లేకపోయింది. నల్లకోటు గారూ, ముసలమ్మ కొడుక్కి భయం ఉంది, అతను మాట్లాడలేకపోతే అర్థం చేసుకుంటాను. నాకు ఏ సంతకంతోనూ పని లేదు. నేను నేరుగా రాయగలిగి ఉండి రాయలేదు.

సాయంత్రం టేపు తీసుకెళ్ళి మామయ్య పడిన గుంత కొలిచాను. ఐదడుగుల పొడవు, ముప్పావు అడుగు లోతు. ఫోటో తీసి గ్రూపులో పెట్టి, "మొన్న నేను రాసింది వెటకారం. ఈ రోడ్డు బాగాలేదు. మా మామయ్య కాలు విరిగింది ఇక్కడే" అని రాశాను. చప్పట్ల బొమ్మలు రాలేదు. ఇద్దరు తమ ఇంటి ముందు గుంతల ఫోటోలు పెట్టారు. స్క్రీన్‌షాట్ పంపిన కుర్రాళ్ళలో ఒకడు దాన్ని తీసేశానని విడిగా మెసేజ్ పెట్టాడు, పక్క ఊళ్ళ గ్రూపుల్లో మాత్రం అది ఇంకా ఉంది.

మామయ్యను మళ్ళీ గ్రూపులో చేర్చమని మా అడ్మిన్‌ను అడిగాను. ఆయన చేరుస్తానన్నాడు. మామయ్య ఇంకా సరే అనలేదు.