గుడ్డు, పాలు, గోధుమ లేకుండా పుట్టినరోజు కేకు ఎలా?

ప్రశ్న (హన్మకొండ నుండి ఒక తల్లి):
మా 5 ఏళ్ల పాపకు గుడ్డు, పాలు రెండూ పడవని డాక్టరు గారు తేల్చారు. పుట్టినరోజుకు వచ్చే మా ఆడపడుచు కొడుకుకు గోధుమ సరిపడదు. పిల్లలందరూ ఒకే కేకు తినాలని జొన్నపిండితో చేస్తే, రెండుసార్లూ కోయకముందే పొడిపొడిగా రాలిపోయింది. వెన్నకు బదులు నెయ్యి వేయవచ్చునా?

జవాబు 1:
నెయ్యి వద్దండి. లాక్టోజ్ (పాలలోని చక్కెర) అరగకపోవడం వేరు, పాల అలర్జీ వేరు; నెయ్యిలో పాల ప్రోటీన్ల జాడ మిగిలి ఉండవచ్చు. కొబ్బరిపాలు, నూనె వాడండి. గోధుమపిండిని పట్టి ఉంచే గ్లూటెన్ అనే ప్రోటీన్ జొన్నలో ఉండదు కనుకనే కేకు రాలిపోతుంది. ఒక్కో గుడ్డుకు బదులు 1 పెద్ద చెంచా అవిసెగింజల పొడిని 3 పెద్ద చెంచాల నీటిలో 10 నిమిషాలు నానబెడితే వచ్చే జిగురు పిండిని పట్టి ఉంచుతుంది. పూర్తిగా చల్లారాకే కోయండి.

జవాబు 2:
జొన్నలు గిర్నీలో పట్టించారా, అక్కా? అంతకుముందు ఎవరో పట్టించిన గోధుమపిండి అందులో మిగిలి మీ పిండిలో కలుస్తుంది కాబట్టి, ఇంట్లోనే మిక్సీలో పట్టి జల్లించుకోవడం మేలు. బేకింగ్ పౌడర్ డబ్బా మీదా గోధుమ పేరుందేమో చూడండి.

ప్రశ్న అడిగినవారు:
గిర్నీ సంగతి నాకు తట్టనే లేదు. మరి పైన క్రీము?

జవాబు 1:
'నాన్ డెయిరీ' అని రాసి ఉన్నా కేసినేట్ ఉందేమో చదవండి. అది పాల నుండి తీసినదే.