నీలి కుర్చీలో పాప బొమ్మ: అందులో డెగా చెయ్యి ఎంత?

చిత్రలేఖ:
నిన్న ఒక గ్రూపులో ఒకాయన "మేరీ కసాట్ అంటే డెగా శిష్యురాలే కదా, ఆమె మంచి బొమ్మల్లో ఆయన చెయ్యి ఉంది" అని తేల్చేశారు. డెగా అంటే ఆ కాలంలో పేరున్న ఫ్రెంచ్ చిత్రకారుడు. అక్కడ వాదించే వీలు లేక ఇక్కడ రాస్తున్నాను. చిత్రకారిణి కసాట్ 1844లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో పుట్టింది. పదహారేళ్లు నిండకముందే ఫిలడెల్ఫియాలోని ఆర్ట్ అకాడమీలో చేరింది. 1866లో పారిస్ వెళ్తే, అక్కడి ప్రభుత్వ కళాశాల ఎకోల్ దే బోజార్‌లో అప్పట్లో ఆడవాళ్లను చేర్చుకునేవారు కాదు. జెరోమ్ అనే చిత్రకారుడి దగ్గర ప్రైవేటుగా నేర్చుకుంది, లూవ్ర్ మ్యూజియంలో పాత చిత్రాలు చూసి వేసింది. 1868లోనే పారిస్ సలాన్ అనే పెద్ద అధికారిక ప్రదర్శనలో ఆమె చిత్రం పెట్టారు. ఇంప్రెషనిస్టులనే కొత్త తరహా చిత్రకారులతో కలిసి ప్రదర్శించమని డెగా పిలిచింది 1877లో. అప్పటికి దాదాపు పదేళ్లుగా ప్రదర్శనలిస్తున్న మనిషి శిష్యురాలు ఎలా అవుతుంది?

గోదారిగట్టు:
శిష్యురాలన్న మాట పక్కన పెడదామండి. కసాట్ వేసిన నీలి కుర్చీలో పాప బొమ్మ సంగతి చెప్పండి. 1878 నాటి చిత్రం, ఇప్పుడు వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. అందులో పాప వెనక కనిపించే గది భాగం మీద డెగా పనిచేశాడని కసాటే స్వయంగా 1903లో వొలార్ అనే చిత్రాల వ్యాపారికి ఉత్తరం రాసింది. ఆమే చెప్పాక మనకెందుకు అభ్యంతరం?

పొద్దుతిరుగుడు:
ఆ పాప కాళ్లు చాపి, విసుగ్గా కుర్చీలో వాలిపోయి ఉంటుంది. ఎండాకాలం సెలవుల్లో మా పిల్లది అచ్చం అలాగే పడి ఉంటుంది. వెనక గోడ ఎలా ఉందో నేను చూడనే లేదు.

చిత్రలేఖ:
ఆ ఉత్తరం పూర్తిగా చెప్పండి మరి. కుర్చీలో పాపను వేసింది తనేనని, అది డెగాకు నచ్చిందని, వెనక భాగం గురించి సలహా ఇచ్చి ఆయన కూడా కొంత పనిచేశాడని రాసింది. 1878 పారిస్ ప్రపంచ ప్రదర్శనలో అమెరికా విభాగానికి పంపితే వద్దన్నారు. ఎంపిక చేసిన ముగ్గురిలో ఒకాయన మందుల షాపు ఆయనట! పాతికేళ్లయినా ఆమె కోపం చల్లారలేదు. ఆ ఉత్తరంలో మీకు కనబడింది డెగా పేరొక్కటేనా?

గోదారిగట్టు:
నేను వెనక భాగం గురించే అడుగుతున్నాను. 2014లో ఆ గ్యాలరీ డెగా, కసాట్ చిత్రాలు కలిపి ప్రదర్శన పెట్టింది. ఈ బొమ్మను శుభ్రం చేసి, పైరంగు కింద ఉన్నది చూపించే ఇన్‌ఫ్రారెడ్‌తో పరీక్షించారు. నేల అంచు మొదట అడ్డంగా ఉండేదని, దాన్ని ఏటవాలుగా మార్చాక గదికి ఒక మూల ఏర్పడిందని తేలింది. ఆ మూల లేకపోతే గదికి లోతు లేదు. ఆ పని చిన్నదంటే నేను ఒప్పుకోను.

రంగులడబ్బా:
నాదొక సందేహం. పెళ్లి చేసుకోని ఆవిడ జన్మంతా తల్లీబిడ్డల బొమ్మలే ఎందుకు వేసింది?

చిత్రలేఖ:
అవే వేయలేదండి. ఒపెరాలో బైనాక్యులర్స్ పట్టుకుని చూస్తున్న నల్ల బట్టల స్త్రీని వేసింది, ఫిగారో పేపరు చదువుతున్న తల్లిని వేసింది. అయినా పెళ్లికీ దీనికీ ఏం సంబంధం? డెగా కూడా బ్రహ్మచారే. ఆయన్ని ఎవరైనా ఇలా అడిగారా?

ఇక గోదారిగట్టు గారికి. 1890లో పారిస్‌లో జపాన్ ప్రింట్ల ప్రదర్శన జరిగింది. అది చూసి వచ్చి కసాట్ పది రంగుల ప్రింట్లు తయారుచేసింది. రాగి రేకు మీద సూదితో గీయడం, ఆమ్లంతో రేకు మీద ఛాయలు తెచ్చే ఆక్వాటింట్ వేయడం, ఒక్కో బొమ్మకు రెండు మూడు రేకులు వాడటం, ప్రతి కాపీకీ ఆ రేకుల మీద మళ్లీ చేత్తో రంగులద్దడం. ఒక్కోటి 25 కాపీలే. ఉత్తరం అంటిస్తున్న స్త్రీ, వీపు మన వైపు తిప్పి ఒళ్లు కడుక్కుంటున్న స్త్రీ. ఆ వీపు మీది గీతను చూసి, ఒక ఆడమనిషి ఇంత బాగా గీయగలదంటే ఒప్పుకోను అని డెగా అన్నాడని చెబుతారు. వీటిలో ఆయన చెయ్యి ఎక్కడుంది?

గోదారిగట్టు:
డెగా చెయ్యి లేదు, లెరువా చెయ్యి ఉంది. ముద్రణలో సాయం చేసిన పనివాడు. "చిత్రకారిణి, ముస్యూ లెరువా కలిసి ముద్రించారు" అని ఆ ప్రింట్ల కిందే ఆమె రాసింది. నేను చెబుతున్నదీ అదే కదండీ!

చిత్రలేఖ:
మీరెందుకు ఇంత పట్టుబడుతున్నారో అర్థం కావడం లేదు. ఒక కల్యాణమండపంలో గోడంత బొమ్మ వేశాను. మా మాస్టారు చివర్లో వచ్చి ఒక మూల రంగు ముదురు చేశారు. ఫంక్షన్ రోజున కింద ఆయన పేరుంది. అడిగితే "గురువుగారి చెయ్యి పడింది కదమ్మా" అన్నారు. "డెగా చెయ్యి పడింది" అని మీరు రాసినప్పుడల్లా నాకు ఆ మాటే వినిపిస్తోంది.

గోదారిగట్టు:
నేను సినిమా బ్యానర్లు వేసేవాడినమ్మా. హీరో మొహం గురువుగారు వేస్తే, ఆకాశం, గుర్రాలు, మంటలు, జనం అన్నీ మేం వేసేవాళ్లం. కింద సంతకం ఆయనది. నా పేరు ఒక్క బ్యానర్ మీదా లేదు. ఎవరి చెయ్యి పడితే వాళ్ల పేరు రావాలన్నది నా పట్టు. డెగాను పెద్ద చేయాలని కాదు.

పొద్దుతిరుగుడు:
మీ ఇద్దరికీ జరిగింది ఒకే అన్యాయం అనిపిస్తోంది.

చిత్రలేఖ:
కాదండీ. లెరువా పేరు రాసినా ఆ ప్రింట్లు సగం లెరువావని ఎవరూ అనలేదు. డెగా ఒక మూల దిద్దితే మాత్రం బొమ్మే ఆయనదంటున్నారు. పేరున్న మగవాడి పేరు పక్కన రాస్తే, కసాట్ పేరు చదివేవాళ్లే ఉండరు. నా భయం అది.

గోదారిగట్టు:
ఆ భయంతో నిజం దాచకూడదు. లేబుల్ మీద ఇలా రాయాలి: చిత్రం మేరీ కసాట్, గది మూల డెగా.

చిత్రలేఖ:
సరే. న్యూయార్క్‌లో హేవ్‌మేయర్ కుటుంబం కసాట్ సలహాతో డెగా చిత్రాలు కొంది. ఆ సేకరణలో చాలా భాగం ఇప్పుడు మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. అక్కడ డెగా పక్కన కసాట్ పేరు కూడా రాయాలంటారా?

గోదారిగట్టు:
కొనిపించింది ఆమేనని తప్పకుండా రాయాలి. కానీ కొనిపించడం, కుంచె పట్టడం ఒకటి కాదమ్మా.

చిత్రలేఖ:
ఒకటని నేననలేదు. ఒక మూల దిద్దడం, పాపను వేయడం కూడా ఒకటి కాదు.