సోలార్ నమోదు ఓటీపీ దగ్గరే ఆగిపోతోంది, ఏం చేయాలి?

విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నంలో, థర్మల్ కేంద్రం బూడిద పడే కాలనీల్లో ఇంటింటికీ తిరిగి పీఎం సూర్యఘర్ (ఇంటి డాబా మీద సోలార్ ప్యానెళ్లకు కేంద్రం సబ్సిడీ ఇచ్చే పథకం) గురించి చెబుతున్న విద్యార్థి వాలంటీర్లం. బూడిద ఎవరి డాబా మీద పడుతోందో సోలార్ లాభం ముందు వాళ్లకే దక్కాలి.

సాయంత్రం 5 నుంచి 7 మధ్య వెళ్తాం. 3 కిలోవాట్లకు రూ.78,000 సబ్సిడీ, దాదాపు 300 చదరపు అడుగుల నీడపడని డాబా కావాలి, ప్యానెళ్లు బిగించి అవి పనిచేయడం మొదలయ్యాకే డబ్బు ఖాతాలో పడుతుంది అని చెబితే శ్రద్ధగా వింటారు. కరెంటు బిల్లు కూడా తెచ్చి చూపిస్తారు. పోర్టల్‌లో ఫోన్ నంబరు కొట్టి ఓటీపీ అనగానే వెనక్కి తగ్గుతారు. సైబర్ మోసాలు చూస్తున్న వాళ్ల భయం న్యాయమైనదే.

కాలేజీ గుర్తింపు కార్డులు వేసుకున్నాం. ఓటీపీ మాకు చెప్పొద్దు, మీ ఫోన్‌లో మీరే కొట్టండి అన్నాం. బటన్ ఫోన్ ఇళ్లలో అది కుదరదు. కరపత్రం ఇచ్చి సచివాలయానికి వెళ్లమన్నాం, వారం తర్వాత అడిగితే ఎవరూ వెళ్లలేదు. (బిల్లు చనిపోయిన పెద్దల పేరిట ఉన్న ఇళ్లది వేరే చిక్కు, వాళ్లచేత ముందు పేరు మార్పు దరఖాస్తు పెట్టిస్తున్నాం.)

ఇలాంటి కాలనీల్లో పనిచేసినవాళ్లు చెప్పండి: గడప దగ్గర కాకుండా ఎక్కడ, ఎవరి సమక్షంలో కూర్చోబెడితే జనం నమ్మి నమోదు పూర్తి చేశారు?